నర్సింగ్‌హోమ్‌కి ఇత్తడి హ్యాండిళ్లు పెట్టాలా? రాగి నిజంగా క్రిముల్ని చంపుతుందా?

వంశధార | ఆమదాలవలస

అందరికీ నమస్కారం. ఒక విషయంలో సలహా కావాలి. మా అక్కాబావలిద్దరూ డాక్టర్లు, ఊళ్లో చిన్న నర్సింగ్‌హోమ్ నడుపుతున్నారు. బిల్డింగ్ పాతబడిపోయింది, ఈ వేసవిలో రిపేర్లు పెట్టుకున్నాం. తలుపులు, గడియలు, కుళాయిలు, మంచాల పక్క కమ్మీలు అన్నీ మారుస్తున్నాం. పనులు నేనే చూసుకుంటున్నాను.

వడ్రంగి స్టీలు హ్యాండిళ్లకి లిస్టు రాసిచ్చాడు. బావగారేమో ఇత్తడివి గానీ రాగివి గానీ పెడితే వాటిమీద క్రిములు బతకవు, పక్కనే ఇత్తడి పనికి పేరున్న బుడితి ఊరు పెట్టుకుని స్టీలు ఎందుకు అంటున్నారు. అక్క మాట వేరు. "ముందు ప్రతి గదిలో చేతులు కడుక్కోవడానికి సింకు పెట్టించు. డబ్బు మిగిలితే అప్పుడు చూద్దాం ఇత్తడి సంగతి" అంటోంది. ఇద్దరి మాటా కాదనలేను, టెన్షన్‌గా ఉంది.

రాగి క్రిముల్ని చంపుతుందన్నది నిజమేనా? అయితే ఎంతసేపట్లో? నల్లబడితే ఆ గుణం పోతుందా? ఇత్తడి, కంచు కూడా రాగిలాగే పనిచేస్తాయా? తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు, దయచేసి.

ల్యాబ్‌గది | విజయనగరం

నిజమే తమ్ముడూ. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

1983లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో ఫిలిస్ కున్ అనే ఆవిడ విద్యార్థులతో తలుపు గుండీల మీది క్రిముల్ని పరీక్ష చేయించారు. మెరుస్తూ శుభ్రంగా కనిపించే స్టీలు గుండీల మీద బ్యాక్టీరియా బాగా పెరిగింది, మాసిపోయినట్టు కనిపించే ఇత్తడి గుండీల మీద చాలా తక్కువ. ఆ ఇత్తడిలో రాగి 67 శాతం, జింకు 33 శాతం. అప్పట్లో ఆస్పత్రుల్లో పాత ఇత్తడి సామాను తీసేసి స్టీలు పెట్టడం ఫ్యాషన్. రిపేర్ల పేరుతో ఇత్తడి పీకేసే ముందు ఒకసారి ఆలోచించుకోండని ఆవిడ అప్పుడే రాశారు. నీ ప్రశ్నకి అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

తరవాత ఇంగ్లండులో సౌతాంప్టన్ యూనివర్సిటీలో బిల్ కీవిల్ బృందం ఎంఆర్‌ఎస్‌ఏ మీద పనిచేసింది. చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా అది. గది వేడిలో దాదాపు స్వచ్ఛమైన రాగి రేకు మీద గంటన్నరలో చచ్చింది. స్టీలు మీద మూడు రోజులైనా బతికే ఉంది. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రాగి మిశ్రమ లోహాలకి "రెండు గంటల్లో 99.9 శాతం బ్యాక్టీరియాని చంపుతాయి" అని చెప్పుకునే అనుమతి ఇచ్చింది. ఒక గట్టి లోహానికి అలాంటి రిజిస్ట్రేషన్ ఇవ్వడం అదే మొదటిసారి. సుమారు 60 శాతం, ఆపైన రాగి ఉన్న మిశ్రమాలకే అది వర్తిస్తుంది. అదే అనుమతిలో ఇంకో షరతు కూడా ఉంది: ఇది మామూలు శుభ్రతకి తోడు మాత్రమే, దానికి బదులు కాదు. అమ్మేవాళ్లు మొదటి వాక్యం చెప్పి రెండోది మింగేస్తారు.

ఎలా చంపుతుందంటే, రాగి ఉపరితలం నుంచి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న రాగి కణాలు బయటికొస్తాయి. క్రిమి వచ్చి వాలగానే అవి దాని పైపొరని దెబ్బతీస్తాయి. పొర చిల్లు పడితే లోపలిది బయటికి కారుతుంది, ఇంకా రాగి లోపలికి పోతుంది. లోపల ప్రోటీన్లు పాడవుతాయి, చివరికి డీఎన్ఏ కూడా ముక్కలవుతుంది. అన్ని వైపుల నుంచీ ఒకేసారి దెబ్బ పడుతుంది కాబట్టి తప్పించుకోవడం కష్టం.

నల్లబడితే గుణం పోదు. గాలికి ఏర్పడే ఆ ముదురు పొర కూడా రాగి ఆక్సైడే, దాని నుంచీ అయాన్లు వస్తాయి. గుణం పోయేది జిడ్డు పేరుకున్నప్పుడు, పైన వార్నిష్ వేసినప్పుడు. క్రిమికీ లోహానికీ మధ్య ఏదైనా అడ్డుందంటే ఇంక రాగి ఉన్నా లేనట్టే.

మాస్టారు_బొబ్బిలి | బొబ్బిలి

చాలా మంచి చర్చ. రిటైరైన సైన్సు టీచర్ని, చరిత్ర వైపు నుంచి నాలుగు మాటలు.

ఈజిప్టులో దొరికిన స్మిత్ పపైరస్ అనే ప్రాచీన వైద్య గ్రంథంలో పుండ్లకీ, తాగేనీటికీ రాగి వాడకం కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌ని కలరా పదే పదే ఊడ్చేసింది. అక్కడ విక్టర్ బుర్క్ అనే వైద్యుడు 1852లో ఒక రాగి కర్మాగారానికి వెళ్లినప్పుడు, చుట్టూ జనం పోతున్నా ఆ పనివాళ్లకి కలరా అంతగా తగల్లేదని గమనించి, ఆ తరవాత ఏళ్ల తరబడి లెక్కలు సేకరించారు. అతి కొద్ది మోతాదు లోహం నీళ్లలో కరిగినా సూక్ష్మజీవులు చస్తాయని స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త నేగెలి రాసిన పరిశీలన 1893లో అచ్చయింది.

మన ఇళ్లల్లో ఇవేవీ చదవకుండానే రాత్రి రాగి చెంబుతో నీళ్లు పెట్టుకుని పొద్దున్నే తాగేవాళ్లు. అరసవల్లిలో గానీ శ్రీకూర్మంలో గానీ తీర్థం రాగి పాత్రలోంచే ఉద్ధరిణితో పోస్తారు. పెద్దవాళ్లు పెట్టిన పద్ధతుల్లో విషయం లేకుండా ఉండదు. 2012లో బెంగళూరు ఆయుర్వేద సంస్థ వాళ్లు రాగి బిందెల మీద అధ్యయనం కూడా చేశారు. బావగారి మాటే సరైనదని నా అభిప్రాయం.

వార్డుసిస్టర్ | శ్రీకాకుళం

మాస్టారూ నమస్కారం. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూస్తాను. మీ మాట కాదనను గానీ అక్కగారి పక్షాన కూడా ఒకరు మాట్లాడాలి.

వార్డులో రోజూ కళ్లారా చూసేది చెప్తాను. అటెండరు బెడ్‌పాన్ తీసుకెళ్లి పెట్టి వస్తాడు. వస్తూ తలుపు తోస్తాడు, సెలైన్ స్టాండు పక్కకి జరుపుతాడు, పేషెంటు లేవడానికి చెయ్యి అందిస్తాడు. ఆ పేషెంటు అదే చేత్తో మంచం కమ్మీ పట్టుకుంటుంది. అవతల నుంచి సిస్టర్ వచ్చి కమ్మీ కిందికి దించి, ఆ చేత్తోనే కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) సరిచేస్తుంది. మొత్తం అయిదు నిమిషాల్లో అయిపోతుంది. రాగికి కావలసింది గంట, గంటన్నర, రెండు గంటలు. ఆ అయిదు నిమిషాల గొలుసుని రాగి తెంపలేదు. తెంపేది చెయ్యి కడుక్కోవడం ఒక్కటే, లేకపోతే ఆల్కహాల్ హ్యాండ్‌రబ్బు. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు అన్నీ తడిసేలా ఇరవై ముప్ఫై సెకన్లు రుద్దితే చాలు.

మరి రాగితో ఉపయోగం లేదా అంటే ఉంది. తుడుపుకీ తుడుపుకీ మధ్య ఉంది. మా దగ్గర పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి కమ్మీలు తుడుస్తారు. తుడిచిన గంటలోనే మళ్లీ క్రిములు చేరతాయి. స్టీలైతే సాయంత్రం దాకా పోగుపడతాయి. రాగైతే మనం చూడని వేళలో కూడా తగ్గిస్తూనే ఉంటుంది. రాత్రి డ్యూటీలో స్టాఫ్ తక్కువున్నప్పుడు ఇది చిన్న సాయం కాదు.

2013లో అమెరికాలో మూడు ఆస్పత్రుల ఐసీయూల్లో చేసిన అధ్యయనం వచ్చింది. మంచం కమ్మీలు, పేషెంటు ముందుకి లాగే బల్ల, సెలైన్ స్టాండు, కుర్చీ చేతులు, కాలింగ్ బటన్ లాంటివి రాగితో చేయించారు. అలాంటి గదుల్లో ఉన్నవాళ్లకి ఆస్పత్రిలో తగిలే ఇన్ఫెక్షన్లు 58 శాతం తక్కువని తేలింది. పేపర్లన్నీ రాసింది ఇదే. ఏ గది రాగిదో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి స్టాఫ్ ప్రవర్తన మారి ఉండొచ్చన్న విమర్శ కూడా ఉంది. చిలీలో పిల్లల ఐసీయూలో చేసిన ఇంకో అధ్యయనంలో రాగి గదుల్లో ఇన్ఫెక్షన్లు కాస్త తక్కువే వచ్చాయి గానీ, గణాంకాల ప్రకారం నిలిచేంత తేడా కాదు. ఉపరితలం మీద క్రిములు తగ్గుతాయన్నది గట్టిగా రుజువైంది. పేషెంటుకి జబ్బు తగ్గుతుందన్నది అంత గట్టిగా రుజువు కాలేదు. ఈ రెండూ కలిపేయకండి.

కాబట్టి తమ్ముడూ, సింకు ముందు. అందులో బేరం లేదు.

చీపురుపల్లి_కుర్రాడు | చీపురుపల్లి

హ్యాండిళ్ల సంగతి కాదు గానీ, మాస్టారు బిందెల గురించి రాశారు కాబట్టి అడుగుతున్నా. 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం వచ్చినప్పుడు మా చుట్టాల ఇల్లు కూడా ఆ చుట్టుపక్కలే. ఆ భయం ఇంకా పోలేదు. అప్పటినుంచి మా అమ్మ రాగి బిందె కొని నీళ్లు అందులోనే పోస్తోంది. నాకు రాగి బాటిల్ కూడా కొనిపెట్టింది, పొద్దున్నే నిమ్మకాయ, తేనె కలిపి అందులోనే పోసిస్తుంది. బస్సులో తాగుతుంటే ఒక్కోసారి నోరు చేదుగా, కడుపులో తిప్పినట్టు ఉంటోంది. ఇది మంచిదేనా? ఊరందరికీ రాగి బిందెలు పంచితే అతిసారం రాదా?

ల్యాబ్‌గది | విజయనగరం

బాబూ, ముందు ఆ నిమ్మకాయ ఆపించు, ఈరోజే. పులుపు తగిలితే రాగి మామూలు కంటే ఎన్నో రెట్లు కరుగుతుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి వచ్చేది దానివల్లే. మజ్జిగ, చింతపండు చారు, పళ్లరసం ఏవీ కళాయి (లోపల తగరం పూత) లేని రాగిలో, ఇత్తడిలో పోయకూడదు. మంచినీళ్లు తప్ప ఇంకేం వద్దు. రాగి పోగుపడే విల్సన్ జబ్బు ఉన్నవాళ్లు అసలు ఆ నీళ్ల జోలికే పోకూడదు.

మాస్టారు చెప్పిన 2012 అధ్యయనం మంచిదే. ఈ చర్చలో దాన్ని సరిగా చెప్పుకోవడం అవసరం. కలరా, టైఫాయిడ్, షిగెల్లా, ఈకొలై లాంటి క్రిముల్ని నీళ్లలో కలిపి రాగి పాత్రల్లో గది వేడిలో 16 గంటలు ఉంచారు. తరవాత పెంచి చూస్తే ఒక్కటీ పెరగలేదు. నీళ్లలోకి దిగిన రాగి లీటరుకి 0.177 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 2 మిల్లీగ్రాములు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం 0.05 ఉంటే మేలంటుంది, వేరే నీటి దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటుంది. అంటే రాత్రంతా రాగి చెంబులో ఉన్న మంచినీళ్లతో మామూలు మనిషికి ప్రమాదం లేదు.

కానీ ఆ 16 గంటలన్న మాట మర్చిపోవద్దు. అయిదుగురున్న ఇంట్లో బిందె నీళ్లు పొద్దున్న పట్టి మధ్యాహ్నానికి ఖాళీ చేస్తారు, మళ్లీ నింపుతారు. పాత నీళ్లలో కొత్త నీళ్లు కలుస్తాయి. ఇంక లెక్క ఎక్కడుంది? ల్యాబ్‌లో వాడినవి తేటనీళ్లు. వానాకాలంలో నాగావళి, చంపావతి పక్క ఊళ్లలో బోరు, కుళాయి నీళ్లు ఎలా వస్తాయో మనకి తెలుసు. మట్టి, కుళ్లిన ఆకు లాంటివి నీళ్లలో ఉంటే అవే రాగిని పట్టేసుకుంటాయి, క్రిమి దాకా అందదు.

అతిసారం పుట్టిన ఊళ్లో చేయాల్సింది వేరు. పైపు ఎక్కడ మురుగులో నానుతోందో వెతకాలి. ట్యాంకులో క్లోరిన్ కలిపి అరగంట ఆగాలి, చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా క్లోరిన్ మిగిలి ఉందో లేదో పరీక్షించాలి. ఇంట్లో అయితే నీళ్లు తెర్లబెట్టి చల్లార్చుకోవాలి, విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ పట్టాలి. ఇవన్నీ చేశాక ఆ కాచి చల్లార్చిన నీళ్లు రాగి బిందెలో పోసుకుని మూతపెట్టి, ముంచకుండా వంపుకుని తాగితే అమ్మ పద్ధతి చక్కగా ఉంటుంది. బిందెలో చెయ్యి పెట్టి గ్లాసుతో ముంచితే మాత్రం ఏ లోహమూ కాపాడదు.

మాస్టారు_బొబ్బిలి | బొబ్బిలి

ఒప్పుకుంటాను. మా అమ్మ కూడా బిందెలో గ్లాసు ముంచనిచ్చేది కాదు. చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, రెండుసార్లు తొలిచాకే నీళ్లు పట్టేది. ఈ తోమడం గురించి బుడితి వాళ్లెవరైనా చెప్తే బాగుంటుంది.

బుడితిపోత | సరుబుజ్జిలి మండలం

నమస్కారమండీ. మాది బుడితే. మా తాతగారి నుంచీ పోత పనే. బుడితి కంచు, ఇత్తడి పనికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. అమ్ముకోవడానికి రాస్తున్నానని అనుకోకండి, కొనేవాళ్లు మోసపోకూడదని రాస్తున్నా.

ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. మన దేశంలో వంట కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. అందుకే కొడితే గంటలా మోగుతుంది, కింద పడితే పగులుతుంది. హ్యాండిల్‌కి, కమ్మీకి కంచు పనికిరాదు, ఇత్తడే కావాలి. స్వచ్ఛమైన రాగి మెత్తన, మంచం కమ్మీగా వాడితే సొట్ట పడుతుంది.

ఇప్పుడు బజారు సంగతి వినండి. "బ్రాస్ ఫినిష్" అని రాసి ఉంటే అది ఇత్తడి కాదు. లోపల జింకు పోత, పైన పసుపు పూత. అయస్కాంతం పెట్టినా తెలియదు, ఎందుకంటే జింకుకీ అయస్కాంతం అంటదు. వెనకవైపు స్క్రూ పట్టే చోట ఆకురాయితో చిన్న గీత గీయండి. గీత లోపల తెల్లగా బూడిదరంగులో కనిపిస్తే పూత సరుకు. లోపలా పసుపే అయితే ఇత్తడి. రెండోది, అసలు ఇత్తడి హ్యాండిల్ కూడా షాపులో మెరుస్తూ ఉండాలని పైన లాకర్ (వార్నిష్ లాంటి పూత) కొట్టి అమ్ముతారు. ల్యాబ్ వారు చెప్పినట్టు అది అడ్డుపొర. "లాకర్ లేకుండా, పాలిష్ మాత్రం చేసివ్వు" అని అడిగి చేయించుకోవాలి.

కుళాయిల గురించి ఇంకోమాట. ఆస్పత్రుల్లో ఉన్న కుళాయిలు చాలామటుకు లోపల ఇత్తడే. పైన క్రోమియం పూత ఉంటుంది కాబట్టి చేతికి తగిలేది క్రోమియం. అంత రాగి పెట్టుకుని కూడా ఫలితం సున్నా.

కళాయి గురించి మాస్టారు అడగలేదు గానీ చెప్తా. ఇత్తడి గిన్నెలో పప్పుచారు కాచాలంటే లోపల తగరం పూయాలి, అదే కళాయి. గిన్నె ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క తిప్పి దూదితో పులిమితే వెండిలా మెరుస్తుంది. అప్పుడు పులుపు వండుకోవచ్చు. కానీ కళాయి ఉన్న బిందెలో నీళ్లు పోస్తే రాగి గుణం నీళ్లకి రాదు, నీళ్లకి తగిలేది తగరం. వంటకి కళాయి కావాలి, నీళ్ల చెంబుకి కళాయి ఉండకూడదు. ఈ తేడా ఈ కాలం వాళ్లకి చెప్పేవాళ్లు తగ్గిపోయారు. మా వీధిలో కళాయి వేసే చేతులే తగ్గిపోయాయి, అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ల్యాబ్‌గది | విజయనగరం

అన్నా, బంగారం లాంటి పోస్టు. ఒకటి కలుపుతాను. పాత ఇత్తడి తుక్కు కరిగించి పోసిన చోట రాగి పాలు ఎంతో, అందులో సీసం ఎంతో పోతపోతకీ మారిపోతుంది. హ్యాండిల్‌కి సీసం పెద్ద సమస్య కాదు గానీ తాగేనీళ్ల పాత్రకి సీసం అసలు ఉండకూడదు. బంగారం హాల్‌మార్క్ వేసే చోట ఎక్స్‌రే మెషిన్ ఉంటుంది, ఏ లోహం ఎంత శాతమో కరిగించకుండానే చూపిస్తుంది. ఇత్తడి ముక్క చూసిపెట్టమని అడిగితే చూసిపెట్టేవాళ్లుంటారు.

కొబ్బరితోట_కవిటి | కవిటి, ఉద్దానం

మేం రైతులం. రాగి మాకు తోటలో మందు. కొబ్బరికి మొవ్వు కుళ్లు తెగులొస్తే కుళ్లిన భాగం చెక్కేసి బోర్డో పేస్టు పూస్తాం. పిచికారీకి ఒక శాతం మిశ్రమం: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు. మైలుతుత్తం విడిగా, సున్నం విడిగా కరిగించి కలపాలి. ఇనుప డ్రమ్ములో కలపకూడదు, ప్లాస్టిక్కో మట్టిదో కావాలి. కలిపాక శుభ్రమైన ఇనుప కత్తి ముంచి చూస్తాం. కత్తిమీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదు, ఆకు మాడిపోతుంది. ఇంకొంచెం సున్నంతేట పోసి మళ్లీ చూస్తాం. ఫ్రాన్సులో ద్రాక్ష తోటల కోసం 1880ల్లో మొదలైన మందట ఇది, మా నాన్నగారు చెప్పేవారు. చెట్టుకి తెగులు రాకుండా కాపాడేది రాగే, మనిషి ఆస్పత్రిలోనూ అదే అంటే ఆశ్చర్యంగా ఉంది.

నా అసలు ప్రశ్న వేరు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఇంటింటికీ ఒక కథ ఉంది. రాగి నీళ్లు తాగితే కిడ్నీలు బాగుపడతాయని ఒకడు, రాగి నీళ్లవల్లే కిడ్నీలు పోతున్నాయని ఇంకొకడు చెప్తున్నాడు. మా ఇంట్లో పెద్దాయనకి డయాలసిస్ జరుగుతోంది. ఏది నమ్మాలి?

వార్డుసిస్టర్ | శ్రీకాకుళం

అన్నయ్యా, రెండూ నమ్మొద్దు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదీ కారణం అని శాస్త్రవేత్తలు ఇంతవరకు ఒక్కదాన్ని తేల్చలేదు. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా చాలా కోణాల్లో పరిశోధన నడుస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి శుద్ధి చేసిన నీళ్లు కూడా పైపుల్లో తెస్తున్నారు. రాగి క్రిముల మీద పనిచేస్తుంది. నీళ్లలో కరిగున్న లవణాల్నీ, రసాయనాల్నీ అది తీసేయదు. అందుకని రాగి బిందెతో కిడ్నీకి ఒరిగేదేం లేదు.

శరీరంలో ఎక్కువైన రాగి చాలావరకు లివర్ ద్వారా, పైత్యరసంతో బయటికి పోతుంది. కిడ్నీ మీద పడే భారం తక్కువ. కానీ డయాలసిస్ పేషెంటుకి ఎంత నీళ్లు, ఏ నీళ్లు అన్నది ఆయన్ని చూసే డాక్టరే చెప్పాలి. పెద్దాయన విషయంలో ఊళ్లోవాళ్ల మాట విని ఏదీ మొదలుపెట్టకండి. నొప్పి మాత్రలు కూడా డాక్టర్ని అడగకుండా కొని వేయొద్దు.

నాగావళి_ఒడ్డు | పాలకొండ రోడ్డు

అంతా చదివాను. కరోనా తరవాత రాగి పేరుతో జరిగిన వ్యాపారం గురించి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. రాగి దారం మాస్కులు, రాగి స్టిక్కర్లు, లిఫ్టు బటన్‌కి అంటించే రాగి టేపు అన్నీ అమ్మారు. వాటికి ఆధారంగా చూపించింది ఒకే ఒక్క అధ్యయనం. 2020 మార్చిలో వచ్చింది అది: రాగి మీద కరోనా వైరస్ నాలుగు గంటల తరవాత కనిపించలేదు, అట్టపెట్టె మీద ఒక రోజు, స్టీలు, ప్లాస్టిక్ మీద రెండు మూడు రోజులు. అంకెలు నిజమే. కానీ కరోనా ముఖ్యంగా గాల్లోంచి వచ్చింది, లిఫ్టు బటన్ నుంచి కాదు. రాగి టేపు అంటించి కిటికీలు మూసుకుని కూర్చుంటే ఏం లాభం?

2020 జులైలో కపుర్తలా కోచ్ ఫ్యాక్టరీ ఒక రైలు పెట్టె తయారుచేసింది. అందులో పట్టుకునే కమ్మీలకీ, గడియలకీ రాగి పూత వేశారు. అది బాగానే ఉంది. నాకు అంతకంటే నచ్చింది అదే పెట్టెలో కాలితో తొక్కే కుళాయి, మోచేత్తో తోసే తలుపు. అసలు చెయ్యే పెట్టకపోతే ఏ లోహమైతే ఏం? వంశధార గారూ, మీరు ఆ వైపు ఆలోచించండి.

ఇంకో భయం కూడా ఉంది. యాంటీబయాటిక్స్‌కి అలవాటుపడ్డట్టే క్రిములు రాగికీ అలవాటు పడవా?

ల్యాబ్‌గది | విజయనగరం

మంచి ప్రశ్న. రాగిని బయటికి తోసేసే పంపులున్న బ్యాక్టీరియా ఇప్పటికే ఉన్నాయి. పందుల దాణాలో రాగి ఎక్కువ కలిపే దేశాల్లో అలాంటివి పెరిగాయి కూడా. తక్కువ మోతాదు, తడి, ఎక్కువ కాలం, ఇవి మూడూ కలిస్తే క్రిమి నేర్చుకుంటుంది. పొడిగా ఉన్న గట్టి రాగి మీద అంత వ్యవధి దొరకదు. 2012లో సౌతాంప్టన్ వాళ్లే ఇంకో విషయం చూపించారు. స్టీలు మీద ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి యాంటీబయాటిక్స్‌ని తట్టుకునే జన్యువులు చేరుతున్నాయి. రాగి మీద డీఎన్ఏ ముక్కలైపోవడంతో అది ఆగిపోయింది. నన్ను అడిగితే ఆస్పత్రిలో రాగి వైపు మొగ్గడానికి 58 శాతం అంకె కంటే ఇదే బలమైన కారణం. మన దగ్గర మందులకి లొంగని క్రిములు ల్యాబ్‌లో ఎన్ని వస్తున్నాయో రోజూ చూస్తున్నవాడిగా చెప్తున్నాను.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. సీడిఫ్ అనే విరేచనాల బ్యాక్టీరియా లాంటివి గట్టి పెంకు కట్టుకుని స్పోర్లుగా మారితే, వాటి మీద రాగి బాగా నెమ్మది. విరేచనాల పేషెంటు గదిలో హ్యాండ్‌రబ్బు కూడా స్పోర్లని చంపదు. అక్కడ సబ్బూ నీళ్లే. చూశారా, మళ్లీ అక్కగారి సింకు దగ్గరికే వచ్చాం.

వంశధార | ఆమదాలవలస

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి అక్కాబావలకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఇప్పటికి అనుకున్నది ఇది: ప్రతి గదిలోనూ సింకు, మోచేత్తో తిప్పే పొడుగు పిడి కుళాయి. ప్రతి మంచం కాళ్లవైపు హ్యాండ్‌రబ్బు సీసా. వార్డు తలుపులకి హ్యాండిల్ తీసేసి మోచేత్తో తోసే రేకు పెడతాం, ఆ రేకు ఇత్తడిది. బాత్రూమ్ గడియలు ఇత్తడివి, ఎందుకంటే గడియ వేయడానికి చెయ్యి పెట్టక తప్పదు, పెట్టేది కూడా కడుక్కోకముందే. మంచం కమ్మీలు ముందు అయిదారు మంచాలకే ఇత్తడి పైపుతో చేయించి చూద్దామని బావగారు, సరేనని అక్క.

సిస్టర్ గారూ, వీటిని తుడవడానికి మేం వాడే బ్లీచింగ్ ద్రావణం పనికొస్తుందా?

వార్డుసిస్టర్ | శ్రీకాకుళం

రోజువారీ తుడుపుకి వద్దు. బ్లీచింగ్‌లో ఉండే హైపోక్లోరైట్ ఇత్తడిని తినేస్తుంది, మచ్చలు పడి గరుకుగా అవుతుంది, గరుకులో మురికి కూర్చుంటుంది. మామూలు డిటర్జెంటు నీళ్లతో జిడ్డు పోయేలా తుడిచి, శుభ్రమైన తడిగుడ్డతో మళ్లీ తుడిచి, ఆరనివ్వండి. రక్తం పడినప్పుడు మాత్రం 1 శాతం హైపోక్లోరైట్ తప్పదు. గ్లవ్స్ వేసుకుని, రక్తం మీద పేపరు కప్పి, ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచి, తీసేశాక నీళ్లతో బాగా కడగండి. మెరుపు కోసం బ్రాస్ పాలిష్ రాయనివ్వొద్దు, కొన్నిట్లో మైనం ఉంటుంది, పొర కడుతుంది. నల్లబడ్డాయని విజిటర్లు మొహం చిట్లిస్తే పక్కన చిన్న బోర్డు పెట్టండి. మా దగ్గర స్టాఫే ముందు అడిగారు, ఇవి ఎందుకు ఇలా మాసిపోయాయని. స్టాఫ్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఎవరో ఒకరు స్టీల్ పీచు, యాసిడ్ పెట్టి రుద్దేస్తారు.

గడియలు ఇత్తడివి అన్నది మంచి ఆలోచన. ఫ్లష్ పిడి కూడా చూడండి.

బుడితిపోత | సరుబుజ్జిలి మండలం

తమ్ముడూ, తోసే రేకు అంటే పోత అక్కర్లేదు, షీటు కొని కోయించుకుంటే చవక. 65 శాతం దాటి రాగి ఉన్న షీటు అని అడుగు, బిల్లు మీద రాయించుకో. అంచులు ఆకురాయితో గుండ్రం చేయించు, పేషెంట్ల చేతులు కోసుకుపోకుండా. గడియలు మాత్రం పోత పోయిస్తా. మీ తలుపు మందం, స్క్రూ కన్నాల దూరం కాగితం మీద గీసి పంపు. ముందు ఒక్కటే చేసిస్తాను. దాన్ని శ్రీకాకుళంలో హాల్‌మార్క్ మెషిన్ దగ్గర చూపించుకుని రాగి పాలు సరిపోయిందనుకున్నాకే మిగతావి ఆర్డరివ్వు. అడ్వాన్సు వద్దు.

వంశధార | ఆమదాలవలస

తలుపు మందం 35 మిల్లీమీటర్లు అన్నా. స్క్రూ కన్నాలు రేపు వడ్రంగి వచ్చాక కొలిచి పెడతాను. ఫ్లష్ పిడిది కూడా అదే కాగితం మీద గీసి పంపుతా.